గేటు లోపల, గేటు బయట: కేంబ్రిడ్జిలో తొమ్మిదేళ్లు

(తెనాలిలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినిపిస్తోందా? ఆ కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకి? సరే.

‘కేంబ్రిడ్జి గురించి ఓ గంట మాట్లాడమ్మా’ అన్నారు మాస్టారు. ముందే చెప్పేస్తున్నానండీ, నేను ప్రొఫెసర్ని కాదు. అక్కడ చదువుకోనూ లేదు. 2012లో మా ఆయన ఉద్యోగం కోసం వెళ్లాం, 2021లో వచ్చేశాం. ఆ తొమ్మిదేళ్లలో ఆరేళ్లు అక్కడొక కాలేజీ అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. కూరగాయల బిల్లులు, గాజు గ్లాసుల బిల్లులు, పచ్చిక కత్తిరించే మిషను రిపేరు బిల్లులు. కాబట్టి నేను చెప్పేది న్యూటన్ గారి కేంబ్రిడ్జి కాదు, వోచర్ల కేంబ్రిడ్జి. ఇష్టమైతే వినండి, లేకపోతే టీ వచ్చేదాకా ఓపిక పట్టండి.

మా మావయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు స్టేషన్ నుంచి ఊళ్లోకి తీసుకెళ్లాను. కింగ్స్ పరేడ్ అని పెద్ద వీధి. ఆయన వీధి మధ్యలో నిలబడి, అటు చూసి, ఇటు చూసి, ‘అంతా బానే ఉందమ్మాయ్, ఇంతకీ యూనివర్సిటీ ఏదీ?’ అన్నారు. నవ్వకండి. నేనూ మొదటి రోజు అదే అడిగాను. మనకి యూనివర్సిటీ అంటే ఏమిటి? నాగార్జున యూనివర్సిటీ ఉంది, హైవే మీద బస్సు దిగుతాం, ఆర్చీ ఉంటుంది, లోపలికెళ్తే యూనివర్సిటీ, బయటికొస్తే హైవే. అక్కడ ఆ ఆర్చీ లేదు. ఊరే యూనివర్సిటీ. ఒక్క గేటు లేదు, 31 గేట్లున్నాయి. ముప్పై ఒక్క కాలేజీలు. ప్రతి కాలేజీకీ సొంత గేటు, సొంత గోడ, సొంత భోజనశాల, సొంత ఆస్తి. సొంత తిక్క కూడా, నన్నడిగితే.

కాలేజీ అంటే హాస్టలా? హాస్టల్ అంటే తక్కువ చేసినట్టు. చదువు చెప్పే చోటా? అదీ పూర్తిగా కాదు. లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, డిగ్రీలు యూనివర్సిటీవి. పిల్లాణ్ణి చేర్చుకోవడం, గది ఇవ్వడం, అన్నం పెట్టడం, వారం వారం ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి రాసుకొచ్చిన వ్యాసాన్నో లెక్కనో పట్టి పట్టి చూడడం కాలేజీ పని. అందుకని అక్కడ ఎవర్నైనా ‘ఎక్కడ చదివారు’ అంటే కేంబ్రిడ్జి అని ఊరుకోరు, కాలేజీ పేరు చెప్తారు. మనవాళ్లు ఇంటిపేరు చెప్పినట్టు.

ఈ ఊరికి చదువు ఎలా వచ్చిందంటే, గొడవ వల్ల వచ్చింది. 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక హత్య విషయంలో ఊరివాళ్లకీ చదువుకునేవాళ్లకీ పడలేదు. ఊరివాళ్లు కొందరు విద్యార్థుల్ని ఉరితీశారు. మిగిలినవాళ్లలో కొంతమంది మూటాముల్లె సర్దుకుని వచ్చేశారు. వచ్చి చేరింది ఇక్కడ. అప్పుడు మన దగ్గర ఎవరు? గణపతిదేవుడు ఓరుగల్లు ఏలుతున్నాడు. మొదటి కాలేజీ పీటర్‌హౌస్, 1284లో పెట్టారు. అప్పటికి రుద్రమదేవి సింహాసనం మీద ఉంది. ఆవిడ ఉన్నప్పుడు మొదలైన కాలేజీ ఇవాళ కూడా అడ్మిషన్లు తీసుకుంటోంది. ఇవాళ కూడా కూరగాయలు కొంటోంది, నా లెక్కలో చెప్పాలంటే.

ఇంకో విచిత్రం వినండి. నది పేరు క్యామ్, దాని మీద బ్రిడ్జి, కాబట్టి కేంబ్రిడ్జి, అంతే కదా అనుకుంటాం. కాదు. మొదట్లో ఆ నది పేరు గ్రాంటా. ఊరు పేరు గ్రాంటబ్రిడ్జి లాంటిదేదో. జనం నోళ్లలో నలిగి నలిగి ఊరు కేంబ్రిడ్జి అయింది. ఊరు కేంబ్రిడ్జి అయ్యాక, మరి నది క్యామ్ కావాలి కదా అని నది పేరు మార్చేశారు! కొడుకు పేరు మారితే తండ్రి పేరు దిద్దుకున్నట్టు. ఎగువన ఇప్పటికీ దాన్ని గ్రాంటా అనే అంటారు. చూడ్డానికి ఎంత ఉంటుందనుకున్నారు? కృష్ణ చూసిన కళ్లకి అది ఆనదండీ. నాకైతే చూడగానే మన కాలవే గుర్తొచ్చింది. తూటికాడ లేదు, అంతే తేడా.

ఇక కాపురం సంగతికి వస్తాను. ఆడవాళ్లు ఎదురుచూస్తున్నది దాని కోసమే, నాకు తెలుసు.

ఆ ఊళ్లో 16వ శతాబ్దం చివర్లో, 17వ శతాబ్దం మొదట్లో థామస్ హాబ్సన్ అని ఒకాయన ఉండేవాడు. సరుకుల బళ్లు తోలించేవాడు, గుర్రాలు అద్దెకిచ్చేవాడు. కుర్రాళ్లొచ్చి మంచి గుర్రాన్నే ఎంచుకుని, దాన్ని పరిగెత్తించి పరిగెత్తించి చంపుతున్నారని ఒక రూలు పెట్టాడు. తలుపుకి దగ్గరగా ఏ గుర్రముంటే అదే తీసుకోవాలి. నచ్చకపోతే నడిచి వెళ్లొచ్చు. ఇంగ్లీషులో హాబ్సన్స్ చాయిస్ అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. ఆయన డబ్బు సాయంతో ఊరికి తెచ్చిన మంచినీళ్ల కాలవ పేరు హాబ్సన్స్ కాండ్యూట్. ట్రంపింగ్టన్ స్ట్రీట్‌లో రోడ్డుకి రెండు వైపులా ఇప్పటికీ ఆ నీళ్లు పారుతుంటాయి. తెలియని కారు డ్రైవర్లు చక్రం అందులో దింపేసి తల పట్టుకుంటారు.

హాబ్సన్ ఎందుకు గుర్తొచ్చాడంటే, మా అద్దె ఇల్లూ అదే పద్ధతి. అక్టోబరు దగ్గర పడుతుంటే వేలమంది విద్యార్థులు, వాళ్ల వెనక పరిశోధకులు, ఆసుపత్రి వాళ్లు, కంపెనీల వాళ్లు, అందరికీ ఇళ్లు కావాలి. ఊరేమో లక్షా నలభై అయిదు వేల జనాభా, పాత ఊరు, ఎటు పెంచాలన్నా గోలే. మాకు దొరికింది మిల్ రోడ్డు పక్క సందులో వరస ఇళ్లలో ఒకటి. రెండు గదులు, నిటారు మెట్లు, కిటికీ సందుల్లోంచి గాలి. తలుపు దగ్గరున్న గుర్రం అదే. ఎక్కాం.

ఆ వంటింట్లో తెల్లటి గట్టు ఉండేది. అమ్మా, మీకు అర్థమైపోయింది కదా? పసుపు. నాలుగేళ్లు రుద్దాను ఆ గట్టుని. నిమ్మకాయ, సోడా, ఎండ. ఎండ అంటే, ఉన్నప్పుడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఏజెంటు ఒక చిన్న టార్చిలైటు తెచ్చి, గట్టుకి బుగ్గ ఆనించి, అడ్డంగా వెలుగు వేసి చూశాడు. గ్యాసుపొయ్యికి ఎడమ పక్కన, రూపాయి బిళ్లంత మచ్చ. లేత పసుపు. నాకు కనపడలేదు, మా ఆయనకి కనపడలేదు, ఆయనకి కనపడింది. డిపాజిట్‌లో కోత. ఆ కాయితం మీద రాసింది ఇప్పటికీ గుర్తే: ‘పసుపు రంగు మరక, వంటింటి గట్టు, మూలం తెలియదు’. మూలం తెలియదట! నేను కింద రాసిద్దామనుకున్నాను, మూలం దుగ్గిరాల అని.

మిల్ రోడ్డు మాత్రం మంచి వీధి. టూరిస్టులు అటు రారు. సైకిలు రిపేరు షాపులు, మన సరుకుల కొట్లు, చైనా కొట్లు, 2019లో తెరిచిన మసీదు. ఆ మసీదుకి తప్పక వెళ్లండి. లోపల కర్ర స్తంభాలు చెట్లలా పైకి లేచి కొమ్మలు కలుపుకుంటాయి. కరివేపాకు దొరుకుతుంది, చిన్న ప్యాకెట్‌లో లెక్కపెట్టినట్టు రెబ్బలు. గోంగూర కోసం మాత్రం పెరట్లో కుండీ పెట్టాను. రెండాకులు వేసి మానేసింది. దాని తప్పు లేదు.

వాతావరణం అంటారా? ఇంగ్లాండు అంటే ఎప్పుడూ వానే అనుకుని గొడుగులు పట్టుకెళ్లాం. కేంబ్రిడ్జి ఆ దేశంలో పొడి ప్రాంతం. మన తెనాలి కంటే తక్కువ వాన! అక్కడ గొడవ వాన కాదు, గాలి. చుట్టూ నేల మన డెల్టాలాగే బల్లపరుపు, అడ్డం లేదు. రష్యాలో బయల్దేరిన గాలి దారిలో ఎక్కడా ఆగకుండా మా వీధిలోకే వస్తుందనేవాళ్లు అక్కడివాళ్లు. డిసెంబర్లో నాలుగింటికల్లా చీకటి. ఇక వేసవి. 2019 జులై 25న అక్కడి బొటానిక్ గార్డెన్‌లో 38.7 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. ఆఫీసులో నా పక్క సీటావిడ బల్ల మీద తల పెట్టేసింది. నేను ఫోన్ చేస్తే మా అమ్మ, ‘ముప్పై ఎనిమిదా? చల్లగా ఉందన్నమాట’ అంది.

సరే, కాలేజీ గేటు లోపలికి రండి. గేటు దగ్గర పోర్టర్లుంటారు. పోర్టర్ అంటే మూటలు మోసేవాడు కాదు. ఉత్తరాలు, తాళాలు, అర్ధరాత్రి జ్వరాలు, తాగి పడిపోయిన కుర్రాళ్లు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ఆ ఊళ్లో ప్రొఫెసర్తో తగువు పెట్టుకున్నా బతకొచ్చు, పోర్టర్తో పెట్టుకోకూడదు. లోపల నలుచదరపు ఆవరణ, మధ్యలో పచ్చిక. దాన్ని ఫెలోలు, అంటే కాలేజీ సభ్యులైన పెద్దలు, వాళ్లు తప్ప ఎవరూ తొక్కకూడదు. ఆ పచ్చికకి ఎరువు బిల్లు ఆరేళ్లు నేనే ఎక్కించాను. ఒక్కరోజు కాలు పెట్టలేదు. మనవాళ్లు ఫోటో కోసం చెప్పులు విప్పి మరీ ఎక్కుతారు. చెప్పులు విప్పితే తప్పు తగ్గుతుందని మన లెక్క. పోర్టర్ లెక్క వేరు.

వాళ్ల క్యాలెండరు ఇంకో చిత్రం. మైకల్మస్, లెంట్, ఈస్టర్ అని మూడు టర్ములు. ఒక్కోదాంట్లో చదువు జరిగేది ఎనిమిది వారాలే. కానీ ఆ ఎనిమిది వారాలూ పిల్లలకి టెన్షన్ మామూలుగా ఉండదు, కళ్లు లోపలికి పోతాయి. పరీక్షలయ్యాక పండగ చేసుకునే వారాన్ని మే వీక్ అంటారు. అది జూన్‌లో వస్తుంది. ఎందుకని అడిగాను. ‘ఎప్పుడూ అంతే’ అన్నారు. మనం అధిక మాసం గురించి చెప్పే జవాబూ ఇంచుమించు అంతే కదా. ఇంకొకటి, ఈ కుర్రాళ్లు వినాలి ఇది. అక్కడ బి.ఏ. పాసైతే, చేరిన మొదటి టర్ము అయ్యాక ఆరేళ్లు ఆగితే చాలు, ఎం.ఏ. ఇస్తారు. పరీక్ష లేదు, పుస్తకం లేదు. బతికుంటే ఎం.ఏ.! వద్దు వద్దు, దరఖాస్తులు పెట్టకండి, ముందు ఆ బి.ఏ. రావాలి.

నవ్వుకున్నాం గానీ, ఆ గేట్లు అందరికీ తెరుచుకున్నవి కావు. ఆడవాళ్లకి గిర్టన్ కాలేజీ 1869లో పెట్టారు. తర్వాత దాన్ని ఊరికి దూరంగా, సుమారు నాలుగు కిలోమీటర్ల అవతల కట్టారు. మగపిల్లలకి దూరంగా ఉండాలని. లెక్చర్లు వినొచ్చు, పరీక్ష రాయొచ్చు, డిగ్రీ మాత్రం ఇవ్వరు. 1897లో ఇవ్వాలా వద్దా అని ఓటింగు పెట్టారు. ఆ రోజు, ఓటింగు జరిగిన సెనేట్ హౌస్ ఎదురుగా, ఒక పుస్తకాల షాపు మీదనుంచి, సైకిలు మీద కూర్చున్న ఆడమనిషి బొమ్మని వేలాడదీశారు మగ విద్యార్థులు. ఓటింగులో వద్దనే తేలింది. ఆ బొమ్మని ముక్కలు ముక్కలు చేశారు. పూర్తి డిగ్రీలు ఎప్పుడిచ్చారో చెప్పనా? 1948లో. అంటే మనకి స్వాతంత్ర్యం వచ్చాక! మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1895లో నిజాం స్కాలర్‌షిప్ మీద ఇంగ్లాండు వెళ్లి, లండన్‌లో కొంతకాలం, తర్వాత ఈ గిర్టన్‌లో చదివింది. పదహారేళ్ల పిల్ల. నేను సైకిలు మీద గిర్టన్ దాకా వెళ్లినప్పుడల్లా, ఎదురుగాలిలో, ఆ బొమ్మ గుర్తొచ్చేది. ఇవాళ ఆ షాపు చోట యూనివర్సిటీ ప్రెస్ వాళ్ల పుస్తకాల షాపుంది. ఆ స్థలంలో 1581 నుంచీ పుస్తకాలు అమ్ముతున్నారట. చూడండి, పుస్తకాలు అన్నేళ్లుగా అమ్మిన గోడ మీదనుంచే ఆ బొమ్మని దింపారు.

మనవాళ్లు ఇంకా ఉన్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. ఆయన తర్వాత రాధాకృష్ణన్ గారు. రాధాకృష్ణన్ గారు 1936లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరుగా వెళ్తే, మళ్లీ రెడ్డిగారే వచ్చారు. ఒకే కుర్చీ. కేంబ్రిడ్జి నుంచి వచ్చినాయన, ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్లినాయన.

రామానుజన్ సంగతి మీకు తెలిసిందే. మన తెలుగాయన కాదు, కుంభకోణం. 1914లో ఇక్కడి ట్రినిటీ కాలేజీకి వచ్చారు. వీధికి ఇవతల హ్యూయెల్స్ కోర్ట్ అనే భాగంలో గది. నాలుగు నెలలకి యుద్ధం. శాకాహారి, సొంత వంట. చలి, యుద్ధం, దొరకని సరుకులు. మీకు పెద్ద లెక్కల కథ చెప్పను, ఒక చారు కథ చెప్తాను. ఒకసారి కొందరు మనదేశం వాళ్లని భోజనానికి పిలిచారు. స్వయంగా వండి వడ్డించారు. చారు ఒకసారి పోశారు, రెండోసారి పోశారు. మూడోసారి అడిగితే ఆడవాళ్లు వద్దన్నారు. కాసేపటికి చూస్తే రామానుజన్ లేరు. గదిలో లేరు, కాలేజీలో లేరు. నాలుగు రోజులకి ఆక్స్‌ఫర్డ్ నుంచి తంతి వచ్చింది, రావడానికి కాస్త డబ్బు పంపమని. వద్దన్నారని నొచ్చుకుని వెళ్లిపోయారు! ఆ వీధిలో నడుస్తూ నేను లెక్కల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించినా అర్థం కావు. ఆ చారు గురించే ఆలోచించేదాన్ని. ఆయన పోయిన తర్వాత చాలాకాలానికి, 1976లో, అదే ట్రినిటీ రెన్ లైబ్రరీలో కాయితాల మధ్య ఆయన చివరి లెక్కలు బయటపడ్డాయి. ఆ లైబ్రరీలోకి సందర్శకుల్ని పరిమిత వేళల్లో ఉచితంగా రానిచ్చేవాళ్లు. వేళలు కనుక్కుని వెళ్లండి.

చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం నాలుగు మాటలు. మీ పిల్లలు లండన్‌లోనో రెడింగ్‌లోనో ఉంటారు, ‘అమ్మా, ఒకరోజు కేంబ్రిడ్జి చూపిస్తాం’ అంటారు. లండన్ నుంచి ఫాస్ట్ రైలైతే గంటలోపే. పొద్దున వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరుగు రైలెక్కేస్తారు. అదే నాకు బాధ. ఆ ఊరు నాలుగింటి తర్వాత మొదలవుతుంది.

పగలు ఏం చేస్తారు? పంటింగ్. పంట్ అంటే అడుగు చదునుగా ఉండే పడవ. పొడుగాటి గడకర్రతో నది అడుగుని పొడిచి తోస్తారు. టికెట్ కొని కూర్చుంటే కుర్రాడు తోస్తూ కథలు చెప్తాడు. క్వీన్స్ కాలేజీ దగ్గర కర్రతో కట్టిన మ్యాథమెటికల్ బ్రిడ్జి వస్తుంది. ‘న్యూటన్ ఒక్క మేకు లేకుండా కట్టాడు, విద్యార్థులు విప్పేసి మళ్లీ బిగించలేకపోయారు’ అంటాడు. ఆ బ్రిడ్జి కట్టింది 1749లో. న్యూటన్ పోయింది 1727లో. మీరేం అనకండి, పాపం, కథ చెప్పడం కూడా టికెట్లో భాగమే. సొంతంగా తోద్దామని మాత్రం దిగకండి. మా ఆయన దిగారు. గడకర్ర బురదలో దిగబడింది, పడవ ముందుకి పోయింది, ఈయన కర్రనే పట్టుకున్నారు. రెండు క్షణాలు ఆ కర్ర మీద కొబ్బరిచెట్టెక్కిన మనిషిలా ఉన్నారు. ఆ ఫోటో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. రండి, చూపిస్తా.

ఈగల్ అనే పబ్బు ఉంది. 1953 ఫిబ్రవరి 28న డీఎన్‌ఏ గుట్టు తెలిసిందని ఫ్రాన్సిస్ క్రిక్ మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడే ప్రకటించాడంటారు. వాళ్లు వాడుకున్న ఫోటో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబులోది, అది కూడా చెప్పుకోవాలి. అదే పబ్బులో వెనకగది పైకప్పు చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన కుర్రాళ్లు కొవ్వొత్తులతో, లైటర్లతో కాల్చి రాసిన పేర్లు, దళాల నంబర్లు. నాకు డీఎన్‌ఏ కంటే ఆ పైకప్పు ఎక్కువ గుర్తుంది. ఫిట్జ్‌విలియం మ్యూజియంకి టికెట్ లేదు. వేసవిలో మిడ్‌సమర్ కామన్ మీద, నడి ఊళ్లో, ఆవులు మేస్తుంటాయి. దానికీ టికెట్ లేదు. మా అత్తగారు కేంబ్రిడ్జిలో అన్నిటికంటే మెచ్చుకున్నది వాటినే.

ఇక సాయంత్రం. కింగ్స్ కాలేజీ చాపెల్. పగలు లోపలికి టికెట్ కొనాలి. టర్ము నడిచే రోజుల్లో చాలా సాయంత్రాలు ఈవెన్‌సాంగ్ అని పాటల ప్రార్థన ఉంటుంది, దానికి టికెట్ లేదు. వేళ ముందు చూసుకుని, కాస్త ముందే వెళ్లి వరసలో నిలబడండి. ఏ మతమని ఎవరూ అడగరు. వరసలో ఉన్నప్పుడు ఆ గోడ చూడండి. కింద రాయి తెల్లగా ఉంటుంది, పైకి వెళ్లేసరికి రంగు మారుతుంది. 1446లో ఆరో హెన్రీ మొదలుపెట్టాడు. మధ్యలో సింహాసనం కోసం యుద్ధాలు, రాజు పోయాడు, డబ్బు ఆగింది. మళ్లీ మొదలెట్టేసరికి రాయి వేరే గనిది. 1515కి గానీ కట్టడం పూర్తి కాలేదు. మనూళ్లో సగంలో ఆగిన ఇళ్లకి పైన ఇటుక రంగు మారుతుంది చూడండి, అచ్చం అదే. లోపలికెళ్లి తల ఎత్తితే పైకప్పు మొత్తం రాతి విసనకర్రలు. అంత రాయి అంత తేలిగ్గా ఉండటం నేనింకెక్కడా చూడలేదు. చలికాలంలో అయితే కొవ్వొత్తులు వెలిగిస్తారు. పిల్లలు పాడటం మొదలుపెడతారు. ఒక స్వరం ఆగిపోయాక కూడా పైన ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. ఒక్క మాట అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఒక్కటే జాగ్రత్త. ఫోన్ ఆపేయండి. సైలెంట్ కాదు, ఆపేయండి. మా మావయ్యగారిని తీసుకెళ్లినప్పుడు, పాటకీ పాటకీ మధ్య అందరూ మోకాళ్లూని తలలు వంచుకుని ఉన్నారు, సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఆయన జేబులోంచి వేంకటేశ్వరస్వామి రింగ్‌టోన్. పూర్తి వాల్యూమ్. ఆపడం ఆయనకి రాదు, నాకు అందదు. ఆ పైకప్పు కింద అది ఎంతసేపు తిరిగిందో! బయటికొస్తుంటే తలుపు దగ్గర నల్ల గౌను వేసుకున్న పెద్దాయన ఉన్నాడు. అయిపోయాం అనుకున్నాను. ఆయన మావయ్యగారి వైపు వంగి, ‘పాడినాయన గొంతు బావుందండీ, ఎవరు?’ అని అడిగాడు. మావయ్యగారు నిజంగానే జవాబు చెప్పడం మొదలుపెట్టారు. ఆ రాత్రి రైలు తప్పింది.